ఒడి ముడి

ముప్ఫై ఏళ్ళకి పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పత్తి కుక్కిన బోరెం సంచి బరువు నాకు తెలుసు. మిరపకాయల బస్తా బరువూ తెలుసు. అవి దించగానే మెడ తేలికయ్యేది. దీన్ని దించాల్సిన చోటు మా వీధిలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది. అయినా దించలేదు.

నువ్వెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, నువ్వు అనే అంటాను. ఈ వయసులో మీరు, తమరు అని రాయడం నాకు చేతకాదు. నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. గుంటూరుకి బస్సులో గంటన్నర, నల్లరేగడి, పత్తి, మిరప. అంతవరకు చాలు. యాభై దగ్గర పడ్డాక అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో తర్వాత చెప్తాను. చెప్పక తప్పదు.

నేను మంత్రసానిని. ఇప్పుడు కాదు, అప్పుడు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ ఇంట్లో కనరు, ఫోన్ చేస్తే బండి వస్తుంది. అప్పట్లో నాకోసం వచ్చేవాళ్ళు. ఆ పని మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె నోటితో చెప్పింది తక్కువ, చేతితో చూపించింది ఎక్కువ. ఒకటి మాత్రం గట్టిగా చెప్పింది. బిడ్డ పుట్టగానే పని అయిపోయిందనుకోకు, మాయని చూడు అంది.

మాయ అంటే కడుపులో బిడ్డకి తిండి పెట్టే కండ. బిడ్డ తర్వాత అదీ బయటికి వస్తుంది. దాన్ని వెడల్పాటి మూకుట్లో వేసి, నీళ్ళు పోసి, పరిచి చూడాలి. ముక్క లోపల ఉండిపోతే తల్లి బతకదు. అలా చూసి చూసి నాకు ఇంకో సంగతి తెలిసింది. బొడ్డుతాడు అన్ని మాయలకీ ఒకేలా అతుక్కోదు. ఎక్కువమందికి నడిమధ్యన ఉంటుంది, తామరాకు కింద కాడలా. కొంతమందికి కాస్త పక్కకి. ఇంకొంతమందికి మరీ అంచున, విసనకర్రకి పిడి ఉన్నట్టు. అలాంటి అంచు బొడ్డు పిల్లల్ని చాలామందిని చేతుల్లోకి తీసుకున్నాను. అందరూ బాగానే ఉన్నారు. ఒకడు ఇప్పుడు ట్రాక్టరు తోలుతూ నాకు ఎదురొచ్చినప్పుడల్లా హారన్ కొడతాడు.

మూడో రకం ఒకటుంది. అది అరుదు. తాడు కండ దాకా రానే రాదు. బిడ్డ చుట్టూ పల్చటి పొర ఉంటుంది చూడు, నీటి సంచి, ఆ పొరలోనే ఆగిపోతుంది. అక్కడినుంచి నరాలు విడివిడిగా, పీకిన పత్తి మొక్క వేళ్ళలా, పొర మీద పాకుతూ వెళ్ళి కండని అందుకుంటాయి. తాడులో ఉన్నంతసేపు వాటి చుట్టూ జిగురు కాపు ఉంటుంది. పొర మీద ఏ కాపూ ఉండదు.

అలాంటిది నా చేతికి ఒక్కసారే వచ్చింది.

దానికన్నా ముందు నా గోరు గురించి చెప్పాలి. కుడిచేతి చూపుడు వేలి గోరు పెంచుకునేదాన్ని. కాన్పు సాగుతూ, సంచి పగలకుండా ఉంటే, ఆ గోరుతో గిల్లేదాన్ని. నీళ్ళు పోయేవి, నొప్పులు ఊపందుకునేవి, గంటలో బిడ్డ. "దాని గోరు తగిలితే చాలు" అనేవాళ్ళు ఊళ్ళో. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు పొంగేది. ఒకసారి సర్కారు వాళ్ళు మంత్రసానులందరినీ మండలానికి పిలిచి నాలుగు రోజులు నేర్పారు. రేకు పెట్టె, సబ్బు, బ్లేడ్లు ఇచ్చారు. నర్సమ్మ నా వేలు పైకెత్తి అందరికీ చూపించింది. ముందు ఈ గోరు తీసేయ్, సంచిని నువ్వు ముట్టుకోకు అంది. తల ఊపాను. గోరు తీయలేదు. నా వయసులో సగం లేదు, ఇది నాకు చెప్పేదేంటి అనుకున్నాను.

కోటేశ్వరి మా వీధి కోడలు. పదో తరగతి దాకా చదివింది. అప్పట్లో మా వీధిలో అంత చదివిన కోడలు ఇంకొకతి లేదు. ఆమె అత్త రత్తమ్మకి ఆ చదువంటే అనుమానం. చదివిన పిల్ల పనికి వంగదని. ఆ అనుమానం తీర్చడానికే కావచ్చు, కడుపుతో ఉండి కూడా ఆ పిల్ల పత్తి తీతకి వచ్చేది. ఏడో నెల దాకా వచ్చింది. మా వైపు పత్తి తీసేటప్పుడు పాత చీర ముక్క నడుముకి కట్టి, ముందు సంచిలా వదులుతాం. దాన్నే ఒడి అంటాం. తీసిన పత్తి అందులో వేసుకుంటూ సాలు వెంట పోతాం. ఆ కట్టు కడుపు మీదుగా వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళూ కట్టేవాళ్ళే. మా అత్త కట్టింది. నేను కట్టాను, ముగ్గురిని కన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇది గుర్తుపెట్టుకో.

ఆమెకి నొప్పులు మొదలైన రోజు నా మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి. అర ఎకరం కౌలు చేను, ఒక్కదాన్నే చేసుకున్నది. మా ఆయన అప్పటికే పోయాడు. పొద్దున కబురొస్తే వెళ్ళాను. మధ్యాహ్నం దాకా నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. తొలిచూలు, అలాగే ఉంటుంది. పొట్ట మీద చెవి పెట్టి విన్నాను. బిడ్డ గుండె గుర్రంలా పరుగెడుతోంది. బాగుందమ్మా అన్నాను. ఆ మాట నిజం. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

అప్పుడు గుమ్మంలోంచి ఆకాశం చూశాను. పడమర నల్లగా ఉంది.

ఆరుతున్న కాయ తడిస్తే ఏమవుతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. రంగు పోయి తెల్లబడుతుంది. తాలుకాయ అంటారు. గుంటూరు మిర్చి యార్డులో దాన్ని ఎవరూ చేయి పెట్టి కూడా చూడరు. ఏడాది కష్టం. టార్పాలిన్ పట్టా కప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు.

పోయి కప్పుకుని రావచ్చు. అరగంట పని. ఇప్పుడే వస్తా రత్తమ్మా అని చెప్పి పోయి ఉంటే సరిపోయేది. ఎందుకు పోలేదు? నొప్పులు పడే మనిషిని వదిలేసి మిరపకాయల కోసం పరుగెత్తింది అంటారని. ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను ఈ ప్రశ్న, ఎటు తిప్పి అడిగినా అదే జవాబు వస్తుంది: నా కాయ పోకూడదు, నా పేరూ పోకూడదు, రెండూ దక్కాలంటే ఆ పిల్ల త్వరగా కనాలి.

చేతులు కడుక్కున్నాను. మిరప ఘాటు పోయేదాకా రెండుసార్లు సబ్బు రుద్దాను. నూనె రాసుకున్నాను. చూడు, అంత జాగ్రత్తా ఉంది నాకు. వేలు పెట్టాను. దారి చాలావరకు తెరుచుకుంది. సంచి బిగువుగా తగిలింది. దాని మీద ఏదో అడ్డంగా ఉంది. దారంలా. వేలు ఆనించి ఉంచాను.

అది కొట్టుకుంటోంది.

వేలి కింద ఏదైనా కొట్టుకుంటుంటే మనిషి ఏం చేయాలి? వేలు తీసేయాలి. అంతేగా? దానికి చదువు కావాలా? అది తల్లి నాడి కాదని కూడా నాకు తెలుసు. అంత వేగం తల్లి నాడికి ఉండదు. కాసేపటి ముందు చెవితో విన్న వేగమే ఇప్పుడు వేలికి తగులుతోంది. తెలిసి కూడా, పొర ముడత పడి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంతసేపు చెప్పుకున్నాను? ఒక ఉరుము వినబడి ఆగేంతసేపు.

గిల్లాను.

నీళ్ళు ఎర్రగా వచ్చాయి.

నొప్పులు ఒక్కసారిగా పెరిగాయి. కాసేపటికే బిడ్డ వచ్చేసింది. ఆడపిల్ల. నిండుగా ఉంది, జుట్టు ఉంది. అంత తెల్లటి బిడ్డని నేను ఎప్పుడూ చూడలేదు. గబగబా గుడ్డలో చుట్టేశాను. తర్వాత మాయ వచ్చింది. మూకుట్లో వేసి పరిచాను. తాడు కండ దాకా రాలేదు. పొర మీద ఆ వేళ్ళు. అందులో ఒక వేరు తెగి ఉంది, కోసినట్టు, సరిగ్గా నా గోరంత చీలిక పక్కన.

చాప మీద నుంచి కోటేశ్వరి పిలిచింది. "పెద్దమ్మా, ఏడుపేది?"

"ఏడవదమ్మా. చచ్చే పుట్టింది."

"పొద్దున తన్నింది. నువ్వు చెవి పెట్టి విన్నావుగా. బాగుందన్నావుగా పెద్దమ్మా."

ఈలోగా రత్తమ్మ లోపలికి వచ్చింది. గుడ్డ విప్పి చూసింది. గుండెలు బాదుకుని, నా వైపు తిరిగింది.

"ఏమే, పొద్దున బాగున్న బిడ్డకి ఇంతలో ఏమొచ్చింది? ఏం చేశావే?"

ఆ ప్రశ్నకి సరైన జవాబు నా కుడిచేతికి ఉంది. చేయి చీర వెనక్కి పెట్టుకున్నాను. ఎడమచేత్తో మూకుడు ముందుకి జరిపాను. చీలిక కనబడకుండా పొర కిందికి మడిచాను.

"నేనేం చేస్తాను రత్తమ్మా? ఇదిగో, నువ్వే చూడు. బొడ్డు నడిమధ్యన ఉండాలా వద్దా? ఎక్కడుందో చూడు. కండలోనే లేదు. పత్తిచేలో ఒడి ముడి కడుపు మీద బిగించింది మీ కోడలు. ఆ ఒత్తుడికి బొడ్డు పక్కకి జరిగి ఊడిపోయింది."

"అనుకుంటూనే ఉన్నా! వదులుగా కట్టవే, వదులుగా కట్టవే అని మొత్తుకున్నా. వింటదా? పది చదివింది గదా మహాతల్లి, మన మాటెందుకు వింటది!"

"వదులుగానే కట్టాను పెద్దమ్మా" అంది కోటేశ్వరి. అత్తతో కాదు, నాతో. నేను కాదనను అనుకుని నాతో చెప్పింది.

"నీకేం తెలుసమ్మా, తొలిచూలు దానివి. ఎంత బిగిస్తే ఎంతో నీకు తెలుసా?" అన్నాను.

నేను మోస్తున్న మాట ఇదే. ఆ పిల్ల తన పొట్ట మీద చేయి వేసి, నడుం దగ్గర తడుముకుంది. ముడి ఎక్కడుండేదో వెతుక్కుంటున్నట్టు.

మాయని కుండలో పెట్టి, పసుపూ ఉప్పూ వేసి, పెరట్లో పాతిపెట్టే పని ఇంటివాళ్ళది. ఆ రోజు నేనే చేశాను. ఎవరూ మళ్ళీ విప్పి చూడకూడదని మామూలు కంటే లోతుగా తవ్వాను. అక్కడినుంచి కల్లానికి వెళ్ళాను. వాన పడలేదు. మబ్బు అలా వచ్చి అలా పోయింది. కాయ ఎర్రగా, నిక్షేపంగా ఉంది. దాని మధ్య కూర్చుని, రేకు పెట్టెలోని బ్లేడుతో గోరు కోసేసుకున్నాను.

ఆ తర్వాత ఇంకెవరికీ కాన్పు చేయలేదు. చూపు తగ్గిందని చెప్పాను. అదీ అబద్ధమే. కొన్నాళ్ళు బతిమాలారు, తర్వాత మానేశారు. వీధిలో అందరి ఇళ్ళకీ నా కాళ్ళతో వెళ్ళినదాన్ని, ఏ ఇంటికీ వెళ్ళకుండా అయిపోయాను. పత్తి తీతలో కూడా అందరికీ దూరంగా ఉన్న సాలు పట్టుకునేదాన్ని. పొగరనుకున్నారు. అనుకోనిచ్చాను. మనుషుల మధ్య ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట వస్తుందని భయం.

అది ఎలాగూ వచ్చేది. ఎందుకంటే నేను చెప్పింది ఊరు పట్టుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఒడి కట్టకూడదు, బొడ్డు జరుగుతుంది. ముందు మా వీధి, తర్వాత ఊరు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు. ఇది నేను ఊహించలేదు. ఆ గదిలోంచి బయటపడటానికి ఒక మాట అన్నాను, అంతే. దానికి కాళ్ళొస్తాయని ఎవరికి తెలుసు? రెండేళ్ళకి కోటేశ్వరి మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి చేను మొహం చూడలేదు, ఒడి ముట్టుకోలేదు. మగపిల్లాడు పుట్టాడు, గుంటూరు ఆసుపత్రిలో, బాగా పుట్టాడు. చూశారా, ఒడి కట్టలేదు గనక బాగున్నాడు అన్నారు. నా అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది.

ఆ సాక్ష్యాన్ని అందరికంటే ఎక్కువగా నమ్మింది కోటేశ్వరే. చేలో కడుపుతో ఉన్న పిల్ల కనబడితే పనిగట్టుకుని దగ్గరికి వెళ్ళి, ముడి విప్పించేది. "నాలాగా చేసుకోబాకమ్మా, నా చేతులారా నేను పోగొట్టుకున్నాను" అనేది. ఆ మాట నా చెవులతో ఎన్నిసార్లు విన్నానో. పక్క సాల్లో వంగి, పత్తి తీస్తూ, విన్నాను. ఈనాటికీ ఆమె ఒడి కట్టదు. భుజానికి సంచి వేలాడేసుకుని తీస్తుంది. సంచి జారుతుంటుంది, ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో తీస్తుంది. అందరికంటే వెనకబడిపోతుంది.

అక్షరాల సంగతి చెప్తానన్నాను. ఊళ్ళో పెద్దవాళ్ళకి చదువు చెప్పే బడి పెట్టినప్పుడు, చెప్పడానికి ఒప్పుకున్నది ఆమే. సాయంత్రం పని దిగాక బడి వరండాలో చెప్పేది. నన్ను ఇంటికొచ్చి పిలిచింది. "రా పెద్దమ్మా, ఒక్కదానివే ఏం చేస్తావు ఇంట్లో" అంది. వెళ్ళకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. వెళ్ళాను.

ఒ దగ్గరికి వచ్చాం. పుస్తకంలో ఒంటె బొమ్మ ఉంది. వెనక కూర్చున్న ఒకావిడ నవ్వుతూ, "ఒంటెని ఎవరు చూశారే కోటేశ్వరీ, ఒడి అని చెప్పరాదా, మాకు గుర్తుంటది" అంది. అని నాలిక్కరుచుకుంది. కోటేశ్వరి కాసేపు సుద్దముక్క వైపు చూసుకుంది. తర్వాత బోర్డు మీద పెద్దగా రాసింది. ఒడి. "రాయండి" అంది.

అందరూ రాశారు. నాకు రాలేదు. ఒ రాస్తే బ లాగా వచ్చింది. తుడిచి రాస్తే మళ్ళీ బ. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నా కుడిచేతి చూపుడు వేలు పట్టుకుంది. ఆ వేలే. పలక మీద ఆ వేలితో మెల్లగా ఒ దిద్దించింది, లోపలికి ఎలా మెలిక తిప్పాలో చూపిస్తూ. "భయపడకు పెద్దమ్మా, చేయి వదులు చెయ్" అంది. ఆమె చేయి వెచ్చగా ఉంది. నా వేలు ఆమె చేతిలో ఉన్న ఆ కాసేపట్లో చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు. అక్షరం మాత్రం నేర్చుకున్నాను.

ఇన్నేళ్ళు అలా పోయాయి. ఇంకొన్నేళ్ళుంటే నేనూ పోయేదాన్ని, నాతో ఇదీ పోయేది. శ్రావణి వల్ల ఆగింది.

శ్రావణి నా మనవడి పెళ్ళాం. కడుపుతో ఉంది. స్కానింగ్ కోసం గుంటూరు బ్రాడీపేట వెళ్తూ తోడు రమ్మంది, వెళ్ళాను. డాక్టరమ్మ టీవీలాంటి దాంట్లో చూస్తూ చూస్తూ ఆగిపోయింది. మళ్ళీ చూసింది. తర్వాత కాగితం తీసి బొమ్మ వేసింది. బొడ్డుతాడు మాయకి కాకుండా పక్కన పొరలో అతుక్కుందంది. వెలమెంటస్ అని ఏదో పేరు చెప్పింది. ఒక నరం గర్భసంచి మూతి మీదుగా పోతోంది, ఉమ్మనీటి సంచి పగిలితే అదీ తెగుతుంది, బిడ్డ రక్తమంతా నిమిషాల్లో పోతుంది, ముందే తెలిసింది గనక నొప్పులు రాకుండానే ఆపరేషన్ చేసి తీసేస్తాం, భయం లేదు అంది.

నేను ఆ తెర వైపు చూస్తున్నాను. నల్లటి దాంట్లో ఒక సన్నటి దారం. ఎర్రగా, నీలంగా వెలుగుతోంది. కొట్టుకుంటోంది. ముప్ఫై ఏళ్ళ కింద నా వేలికి తగిలింది ఇదిగో, కంటికి కనబడుతోంది.

శ్రావణి ఏడుస్తూ అడిగింది. "నేను మూడో నెలలో ఒడి కట్టి పత్తి తీశానండీ. అందుకేనా?"

"ఒడికీ దీనికీ ఏంటమ్మా సంబంధం? మొదట్లో మాయ పట్టుకునేటప్పుడే అలా పట్టుకుంటుంది. ఎవరూ చేసేది కాదు. ఎవరు చెప్పారు నీకిది?"

"మా ఊళ్ళో అందరూ అంటారండీ."

డాక్టరమ్మ నవ్వి నా వైపు చూసింది. "పెద్దవాళ్ళు, మీరన్నా చెప్పండి మామ్మగారూ" అంది.

తల ఊపాను. నర్సమ్మ దగ్గర ఊపినట్టే.

బస్సులో శ్రావణి కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. డాక్టరు చెప్పినా నమ్మలేదు. ఊరు చెప్పింది నమ్మింది. ఇంటికి రాగానే మా కోడలు మొదలుపెట్టింది, చెప్తే విన్నావా, ఒడి కట్టొద్దంటే కట్టావు అని. రత్తమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె గొంతు మా ఇంట్లో వినబడింది. అప్పుడు కూడా నేను అన్నదేంటో తెలుసా? "ఒడి వల్ల కాదంటే, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. డాక్టరమ్మ మాట వెనక దాక్కున్నాను. నా నోటితో పుట్టిన మాటని ఇంకొకరి నోటితో చంపాలని చూశాను. అది చావలేదు.

ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. తలుపు అవతల నుంచి ఏడుపు వినబడింది, చెవులు చిల్లులు పడేలా. అందరూ నవ్వారు. ఆ ఏడుపు ఆగేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. రూళ్ళ పుస్తకంలో, రోజుకి ఒక పేజీ. నోటితో ఎందుకు చెప్పలేదు అంటావా? నోటితో చెబితే మధ్యలో తిప్పేస్తాను. నాకు నేను తెలుసు. కాగితం మీద అయితే తిప్పినా గీత కనబడుతుంది.

నిన్న పొద్దున పుస్తకం తీసుకుని ఆ నాలుగిళ్ళు నడిచాను. కోటేశ్వరి అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. "ఏంటి పెద్దమ్మా, కథ రాశావా?" అంది. చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం పెన్సిలు తెచ్చుకుంది. మొదటి పేజీలో రెండు తప్పులు దిద్దింది. రెండో పేజీలో ఒకటి. తర్వాత పెన్సిలు ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో నాకు కనబడింది. అక్కడినుంచి తప్పులు దిద్దలేదు. చదివింది. చివరిదాకా. ఒక పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది.

నేను అరుగు కింద నిలబడే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది. వీధిలో కూరగాయల బండి వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆమె దాన్నే చూసింది.

అప్పుడు అడిగింది. "ఏడ్చిందా?"

"లేదు."

"మరి?"

"నోరు తెరిచింది."

పుస్తకం వైపు చూసింది. "ఇందులో లేదే అది."

"లేదు."

పెన్సిలు పుస్తకంలో పెట్టి, మూసి, నా చేతికిచ్చింది. "రాయి" అంది. లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు. నన్ను పిలవనూ లేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. ఈ పొద్దు నీళ్ళు పట్టుకునేటప్పుడు ఎదురుపడితే బిందె ఎత్తుకుని పక్కనుంచి పోయింది. రేపు ఏం చేస్తుందో తెలియదు. క్షమించమని అడగలేదు నేను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

రాయమంది గనక ఆమె పెన్సిలుతోనే రాస్తున్నాను.

చచ్చి పుట్టలేదు. బతికి పుట్టింది. రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి నా కళ్ళతో చూశాను, ఏడుపు కోసం తెరిచినట్టే తెరిచింది, శబ్దం రాలేదు. గబగబా గుడ్డ కప్పాను. రెండోసారి తెరిచింది గుడ్డ కింద, నా అరచేతికి తగిలింది. తర్వాత తెరవలేదు. అప్పుడు తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఉంటే ఆ కాస్తసేపు అక్కడ ఉండేది. ఇవ్వలేదు. ఇస్తే బతికి ఉందని చూస్తారు, తెల్లగా ఉందని చూస్తారు, ఎందుకు అని అడుగుతారు.

ఆడపిల్ల. జుట్టు ఉంది. బతికి పుట్టింది.

రాశాను కోటేశ్వరీ.